ల్యాండ్‌శాట్-8 వారి వేడి కన్నుకు ఓ రైతు ఉత్తరం

మహారాజశ్రీ ల్యాండ్‌శాట్-8 ఉపగ్రహం వారి థర్మల్ సెన్సర్ (పైనుంచి నేల వేడిని కొలిచే కన్ను) గారికి,

విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి, 70 సెంట్ల వరి మడి గల ఆసామి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు 705 కిలోమీటర్ల ఎత్తున క్షేమంగా ఉన్నారని తలుస్తాను. 2013 ఫిబ్రవరిలో మూడేళ్ల ఆయుష్షు లెక్కగట్టి పంపితే, తమరు పదేళ్లు దాటినా డ్యూటీ దిగలేదు. మా బోరు మోటారు స్టార్టరుకి ఆ బుద్ధి లేదు.

ఇక విషయం. ఆమధ్య ఓ మీటింగులో తమరు తీసిన మా మండలం పటం తెర మీద వేశారు. ఎరుపు వేడి, నీలం చల్లన. మా మడి నీలంలో పడింది. "మీకేం, ఏసీలో ఉన్నట్టే" అన్నాడు పటం చూపించినాయన. తేదీ చూస్తే, అది మా మడిలో ఉభాలు జరుగుతున్న రోజు. వానల మధ్య ఒక్కరోజు ఆకాశం తెరిపిస్తే తమరు సరిగ్గా అప్పుడే వచ్చి వెళ్లారన్నమాట. ఆ రోజు వంగి నాట్లు వేస్తున్న అప్ప ఒకావిడ నడుం పట్టుకుని లేచి అన్న మాట నాకింకా గుర్తుంది: "కాళ్లకి చల్లగుంటాది గానీ బాబూ, నెత్తి మాడిపోతంది."

మీ నీలం ఆ కాళ్ల దగ్గరే ఆగిపోయిందండీ. మడిలో నీరు, ఆకులో నీరు ఆవిరవుతూ నేల మీది వేడిని లాక్కుంటాయి, కనుక పైనుంచి చల్లగా కనిపిస్తుంది. నిజమే. కానీ ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? మా నెత్తి చుట్టూనే ఉంటుంది. దానికి సముద్రపు తేమ తోడు. చెమట కారుతుంది, ఆరదు. దాన్ని మేం ఉక్క అంటాం. తమరి లెక్కల్లో మాత్రం అదొక అడ్డంకి. నేల నుంచి తమరికి రావలసిన కిరణాలను దారిలో నీటి ఆవిరి మింగేస్తుంది కాబట్టి, దాని ప్రభావాన్ని లెక్కగట్టి జాగ్రత్తగా తీసేస్తారు. మమ్మల్ని చంపుతున్నదేదో దాన్ని కొట్టేసి, మిగిలిన దానికి ఉష్ణోగ్రత అని పేరు!

తమరిని అనడం లేదు. తమరు కొలుస్తానన్నది నేల పైపొర వేడి, అదే కొలిచారు. వాతావరణ శాఖ వారి థర్మామీటరు నీడలో, పెట్టెలో కూర్చుని గాలి వేడి చెబుతుంది. అది వేరు, ఇది వేరు. రెండింటినీ ఒకటి చేసి రైతు సుఖం కొలిచినాయనతోనే నా పేచీ.

పైగా ఆ మడి నాదేనని తమరికెలా తెలుసు? తమరి అసలు చూపు 100 మీటర్లు, అంతకంటే చిన్నది తమరికి విడిగా ఆనదు. అంటే పటంలో ఒక్కో గడికి సుమారు రెండున్నర ఎకరాలు. అందులో నా 70 సెంట్లూ, మా బావ మొక్కజొన్నా, చెరువు గట్టూ, తారురోడ్డు ముక్కా అన్నీ కలిపి ఒకే అంకె. దాన్నే 30 మీటర్ల గడులుగా, అంటే 22 సెంట్ల ముక్కలుగా కోసి పంచుతున్నారు. ముక్కలు చేస్తే చూపు పెరుగుతుందా? మన వాతావరణ ఉపగ్రహాలు ఇన్సాట్ వారు అరగంటకోసారి చూస్తారు, మెచ్చుకోవాలి. కానీ వారి గడి 4 కిలోమీటర్లు. అందులో మా ఊరేది, పక్క ఊరేది?

కొత్త రేకుల షెడ్డు సంగతి ఇంకా తమాషా. తళతళలాడే లోహం ఎంత కాలినా వేడిని కిరణాలుగా సరిగ్గా వదలదు. మట్టికీ పైరుకీ వాడే లెక్కే దానికీ వాడితే, లోపల కోళ్లు ఉడికిపోతున్నా పైన చల్లగా ఉందని వస్తుంది. మార్చిలో మా మినుములు కోసేశాక ఎండిన నేలేమో భగభగా ఎర్రగా కనిపిస్తుంది. అది చూసి "ఇక్కడ పంట దెబ్బతింది" అన్నవారూ ఉన్నారు. పంట ఇంట్లో బస్తాల్లో ఉందండీ!

తమరు 16 రోజులకోసారి వస్తారు. మీ తమ్ముడు ల్యాండ్‌శాట్-9 కూడా తోడైతే 8 రోజులు. వచ్చేదేమో ఉదయం పది ప్రాంతంలో, మా కూలీలు చోడి అంబలి తాగి గట్టెక్కే వేళకి. అసలు ఎండ రెండు గంటలకి. ఇక ఖరీఫ్‌లో మబ్బు పడితే తమరి కన్ను పనిచెయ్యదు. పైరు పొలంలో ఉన్నన్నాళ్లూ తమరు మబ్బుల వెనక, పైరు ఇంటికొచ్చాక వచ్చినప్పుడల్లా దర్శనమే.

ఒక్క విన్నపం. తమరి పటం ఫైల్లో ఒక్కో గడికి ఉండే అంకెను 0.00341802తో గుణించి 149 కలిపితే కెల్విన్లు, 273.15 తీసేస్తే డిగ్రీలు వస్తాయని మా అబ్బాయి చూపించాడు. అడంగల్ చదవడం కంటే సులువుగానే ఉంది. ఆ డిగ్రీల పక్కన ఆ రోజు గాలిలో తేమ ఎంతో కూడా పటం వేసేవాళ్లని రాయమనండి. ఊరికి దగ్గర్లోని వాతావరణ కేంద్రంలో అడిగితే చెబుతారు, అంతరిక్షం దాకా పోనక్కర్లేదు.

ఇట్లు,
నీలం గడిలో ఉక్కపోస్తున్న రైతు

తా.క. మా ఊరి కోళ్ల షెడ్డు రేకులకు మొన్న పచ్చ పెయింటు వేశారు. పెయింటు వేసిన రేకు వేడిని బాగానే వదులుతుందట. ఈసారి తమరొచ్చినప్పుడు అక్కడ ఒక్కసారిగా ఎండ పెరిగినట్టు కనబడితే, ఎవరూ కంగారుపడి కమిటీ వెయ్యొద్దని చెప్పగలరు.