ముగ్గురు మిత్రుల సినిమాకు నాలుగోవాడి విన్నపం

మహారాజశ్రీ 'జిందగీ నా మిలేగీ దోబారా' సినిమా గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. 2011 జూలై 15న విడుదలైన నాటి నుంచి మీరు టీవీలో, ఫోనులో, పెళ్లి కుదిరిన ప్రతి కుర్రవాడి స్నేహబృందంలో క్షేమంగానే ఉన్నారు. ఇక్కడ మేమూ క్షేమమే, సెలవు మంజూరు కాకపోవడం మినహా.

నన్ను మీరెరుగరు. మీ తెరమీద కబీర్ పెళ్లికి ముందు స్పెయిన్‌లో కారు యాత్రకు బయల్దేరిన మిత్రులు అర్జున్, కబీర్, ఇమ్రాన్ అని ముగ్గురే ఉన్నారు. లోకంలో ఏ బృందంలోనైనా ఇంకొకడు ఉంటాడు. గదులు మాట్లాడేవాడు, టోల్‌గేటు రాకముందే ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకునేవాడు, హోటల్లో బిల్లు బల్లమీదికి రాగానే మిగతా అందరికీ ఒకేసారి ఫోను వస్తే కార్డు తీసేవాడు. ఆ నాలుగోవాణ్ణి నేను. మీ దర్శకురాలు జోయా అక్తర్ గారు నన్ను కథలోకి రానివ్వకపోవడంలో వివేకం ఉంది. నేనుంటే విశ్రాంతి సమయానికి కూడా కథ బార్సిలోనా చేరదు, వీసా కేంద్రంలోనే వరుసలో నిలబడి ఉంటుంది.

ఆ వరుస గురించి మీరు ఒక్క పాటైనా పెట్టలేదు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపన్ను రిటర్నులు, జీతం చీటీలు, ఆఫీసు వారి నిరభ్యంతర పత్రం, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, 2024లో 90 యూరోలకు పెరిగిన రుసుము. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటామో ముందే రాసివ్వాలి. స్వేచ్ఛగా తిరగబోతున్నామని తేదీలవారీగా పత్రం సమర్పిస్తేనే స్వేచ్ఛకు ముద్ర పడుతుంది. కారు మేమే నడుపుతామంటే రవాణా శాఖ దగ్గర అంతర్జాతీయ అనుమతి పత్రం కూడా తీసుకోవాలి, అదీ ఏడాదికే చెల్లుతుంది. అన్నీ కుదిరాక మా బృందంలో ఒకడు తన పాస్‌పోర్టు గడువు తీరిపోయిందని నింపాదిగా సెలవిస్తాడు.

విమానంలోంచి దూకడం నేను నమ్మాను. సముద్రం అడుగున చేపలతో కలిసి ఈదడం నమ్మాను. ఢిల్లీలో ప్రకటనలు రాసుకునే ఇమ్రాన్‌కు ఏకంగా మూడు వారాల సెలవు దొరకడం మాత్రం ఇప్పటికీ నా గొంతు దిగలేదు.

ఆ ఇమ్రానే అర్జున్ ఫోనును పోతున్న కారులోంచి విసిరేస్తాడు. హాలులో అందరూ హాయిగా నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు చల్లబడింది. ఓటీపీ ఆ ఫోనుకే కదా వచ్చేది! గది అద్దె, కారు అద్దె, తిరుగు టికెట్టు, అన్నీ ఆ చిన్న డబ్బాలోనే ఉంటాయి. అయినా అర్జున్ చేసిన నేరమేమిటి? లండన్‌లో కూర్చుని షేర్ల బేరాలు చూసుకుంటూ, నలభై ఏళ్లదాకా కష్టపడి ఆ తర్వాత విశ్రాంతి తీసుకుంటానన్నాడు. నలభై దాకా బతుకుతావని నమ్మకమేమిటని స్పెయిన్‌లో పరిచయమైన లైలా అడిగేసరికి అతనికి జ్ఞానోదయమైంది. నాకు గృహరుణం ఇచ్చిన బ్యాంకుకు మాత్రం నేను అరవై దాకా బతుకుతానని గట్టి నమ్మకం, సంతకాలు కూడా పెట్టించుకుంది. ఇంతకీ అర్జున్‌ను ఆఫీసు పని మానమని బోధించిన ఆ లైలా, కలిసేసరికి అతనికి డైవింగ్ నేర్పే కొలువులోనే ఉంది. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

ఇక కబీర్. అమ్మకని కొన్న ఉంగరాన్ని నటాషా తనకే అనుకుంది. అది కాదని అతను నోరు విప్పలేదు, నిశ్చితార్థం దాకా పోయింది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఒక ఖండం దాటాలి, సముద్రంలో మునగాలి, ఆకాశంలోంచి దూకాలి, చివరికి పాంప్లోనాలో ఎద్దుల ముందు పరుగెత్తాలి. దాదాపు 875 మీటర్ల ఆ సందుల్లో 1910 నుంచి పదహారు మంది ప్రాణాలు పోయాయి. ముంబైలో నటాషా ఇంటి గుమ్మం దాకా ఆ మాత్రం దూరం నడిచి ఉంటే సరిపోయేది. పైగా కథలో సాధింపుల మనిషి అన్న పేరు ఎవరికి వచ్చింది? పెళ్లాడబోయేవాడి పక్కన ఫోనులో ఎవరో అమ్మాయి కనిపిస్తే ఎవరని అడిగిన పాపానికి నటాషాకు.

టమాటాల దగ్గరికి వస్తాను, ఇక్కడ నా లెక్క కాస్త పొడుగు. స్పెయిన్‌లోని బున్యోల్ ఊళ్లో ఏటా ఆగస్టు చివరి బుధవారం జరిగే టమాటాల పండుగను మీరు మళ్లీ సృష్టించారు. చిత్రీకరణ వేళకు స్పెయిన్‌లో పంట పండలేదని పోర్చుగల్ నుంచి 16 టన్నులు తెప్పించారట. పదహారు టన్నులంటే పదహారు వేల కిలోలు. ఆసియాలోనే పెద్దదని పేరున్న మా మదనపల్లె మార్కెట్లో 2023 జూలైలో కిలో దాదాపు 200 రూపాయలు పలికింది, ఆ లెక్కన మీరు తొక్కినది 32 లక్షలు. ధర పడిపోయి కిలో రూపాయికి దిగిన రోజున అదే సరుకు 16 వేలు, కోత కూలికి, లారీ బాడుగకు కూడా చాలదు. అప్పుడు పత్తికొండ రైతు కూడా టమాటాలు రోడ్డు మీద పారబోస్తాడు. నేపథ్యంలో గిటారు మోగదు, ఎవరూ అందులో పొర్లాడరు, ట్రాఫిక్‌కు అడ్డమని పోలీసు వచ్చి కసురుతాడు. మిమ్మల్ని చూసి ఉత్సాహపడి మీరు విడుదలైన 2011లోనే బెంగళూరు, మైసూరుల్లో ఇటువంటి పండుగే పెట్టబోతే, అనుమతి ఇవ్వొద్దని అప్పటి ముఖ్యమంత్రి సదానంద గౌడ పోలీసులను ఆదేశించారు. మీకు అభిమానులు లేరని ఎవరనగలరు!

మీకు అన్నగారి లాంటి 'దిల్ చాహ్‌తా హై' సినిమా సంగతీ ఇంతే. 2001లో టాపు లేని కారులో ముంబై నుంచి గోవాకు జుట్టు ఎగరేసుకుంటూ వెళ్లే సరదాను దేశానికి అంటించి ఆయన తప్పుకున్నారు. ఆ రహదారి విస్తరణ సరిగ్గా మీరు పుట్టిన 2011లో మొదలై, గడువు మీద గడువు మింగింది. అక్కడ టాపు తీసి వెళ్లినవాడు గోవా చేరేసరికి సొంత తల్లికి కూడా ఆనవాలు దొరకడు.

ఇన్ని చెప్పినా మీరు టీవీలో వస్తే ఛానల్ మార్చలేను. జావేద్ అక్తర్ కవిత, ఇమ్రాన్ వేషం వేసిన ఫర్హాన్ గొంతులో మొదలవగానే చేతిలోని రిమోట్ దానంతట అదే కిందికి దిగుతుంది. నీళ్లలోంచి పైకి వచ్చిన అర్జున్ కళ్లు తడిసినప్పుడు నావీ తడుస్తాయి. ఆ మర్నాడే బృందంలో ఎవడో 'మనమూ వెళ్దాం' అంటాడు, నేను ఖర్చుల లెక్కకు కొత్త పట్టిక తెరుస్తాను. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టు, పట్టిక ఒకడిది.

మీకు రెండో భాగం రావచ్చని అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. వస్తే నాకు హీరో వేషం వద్దు, పాట వద్దు, స్పెయిన్ అమ్మాయి అసలే వద్దు, ఇంట్లో మాట పడాలి. వెనుక సీటులో సామాను పక్కన కొంచెం చోటు, రసీదులు పెట్టుకోవడానికి ఒక కవరు ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
తమ విధేయుడు,
నాలుగోవాడు

త.క.: అద్దె కారు తిరిగి అప్పగించేటప్పుడు ట్యాంకు నిండుగా ఉందా? లేకుంటే డిపాజిట్‌లో కోత పడి ఉంటుంది. అది ముగ్గురిలో ఎవరు భరించారో రాయగలరు, మిగతా ఇద్దరి దగ్గర వసూలు చేసి పెడతాను.