ఎండకాలం టైరుల గాలి తగ్గించమన్నదెవరు?

నిన్న ఒక్క రోజే ఆ మెసేజి నాకు ఏడుసార్లొచ్చింది. మా నల్లగొండ రైడర్ల గ్రూపుల, ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపుల, ఆఖరికి మేనమామ కూడ పంపిండు, "అల్లుడూ, బండి మీద దూరాలు పోతుంటవు గద, చదువు" అనుకుంట. పేరు "టూరింగ్ టైరు కొనేటోళ్ళకు 6 రహస్యాలు". టూరింగ్ అంటే బండి మీద దూరాలు తిరుగుడు. చదివిన. రెండుసార్లు చదివిన. మామకు ఫోన్ల చెప్పిన, గ్రూపుల ఒక్కొక్కరికి చెప్పిన, అయినా వస్తనే ఉన్నది. అందుకే ఇక్కడ రాస్తున్న.

చిన్నయి ముందు తీసేస్త. కొత్త టైరు మీద వెంట్రుకల్లెక్క రబ్బరు పోగులుంటే తాజా సరుకట. టైరు పోసే అచ్చుల నుంచి గాలి బయటికి పోయే సన్న రంధ్రాలల్లకు రబ్బరు దూరితే ఆ పోగులొస్తయి. ఐదేండ్లు గోదాంల పడున్న టైరుకు కూడ అవి అట్లనే ఉంటయి. వయసు తెల్వాల్నంటే పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడాలె. 2319 అంటే 2019ల 23వ వారం. ఆ అంకెలు చాలాసార్లు ఒక్క పక్కనే ఉంటయి, అటు దిక్కు పోయి వంగి చూడుండ్రి.

నైట్రోజన్ కొట్టిస్తేనే టూరింగ్ టైరు నిలుస్తదట. మామూలు గాలిల 78 శాతం నైట్రోజనే. గల్లీల పంక్చర్ దుకాణంల గాలి పెట్టించి, వారానికోసారి కొలుచుకుంటే సరిపాయె.

గీతలు ఎన్ని ఎక్కువుంటే వానల అంత పట్టట. గీతల పని నీళ్ళను పక్కకు నెట్టుడు. తడి రోడ్డును పట్టుకునేది రబ్బరు, దాంట్ల కలిపిన సిలికా. గీతలు లెక్కపెట్టి టైరు కొనొద్దు.

గోరు సంగతి కొంచెం చెప్పాలె. దుకాణంల టైరు మీద గోరు గుచ్చి చూడాల్నట, దిగితే మంచి టైరు, దిగకపోతే వదిలెయ్యాల్నట. స్పోర్ట్ టూరింగ్ టైర్లల్ల చాలావాటికి నడుమ ఒక రబ్బరు, అంచులకు ఇంకో రబ్బరు ఉంటది. నడుమ గట్టిది, ఎందుకంటే చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాక 65వ నంబరు హైవే మీద బండి నిలువుగనే ఉరుకుతది, అరిగేదంత ఆ నడుమ పట్టీనే. అంచులు మెత్తవి, శ్రీశైలం ఘాట్ల మూలల మీద బండి పక్కకు పండినప్పుడు పట్టేది అవే. మీ గోరు నడుమ దిగలేదని మంచి టైరును వదిలేసి, అంతటా మెత్తగున్న రేసు టైరు తెచ్చుకుంటే మన హైవేల మీద కొన్ని వేల కిలోమీటర్లకే నడుమ చదునైతది. అటెన్క మూల తిప్పేటప్పుడు బండి ఒక గట్టు మీదికెల్లి జారినట్టు పడ్తది. గోరు మీద కాదు, మీరు నెలకు ఎంత హైవే, ఎంత ఘాట్ తిరుగుతరో ఆ లెక్క మీద కొనుండ్రి.

ఇగ అసలుది. ఐదో రహస్యం: "ఎండకాలం గాలి వేడెక్కి టైరు పేలుతుంది, కనుక 6 పీఎస్ఐ తగ్గించండి. ఘాట్‌లో గ్రిప్ కూడా పెరుగుతుంది." ఇది రాసినోడు మే నెల మధ్యాహ్నం దేవరకొండ రోడ్డు మీద ఒక్కసారైనా బండి నడిపిండా? చదివి ముందుకు పంపినోళ్ళల్ల ఒక్కరైనా ఆగి ఆలోచించిండ్రా?

మా తమ్ముడు, చిన్నమ్మ కొడుకు, నమ్మిండు. పోయిన మే నెలల భార్యను వెనక ఎక్కించుకొని, రెండు సంచులు కట్టుకొని నాతోని శ్రీశైలం బయల్దేరిండు. బండి మీద కంపెనీ అతికించిన గాలి కొలత స్టిక్కర్ల వెనక టైరుకు 32 ఉంటే 26 పెట్టించుకున్నడు, నాకు చెప్పలే. మన్ననూర్ చెక్‌పోస్టు కాడ ఆపి, "అన్నా, వెనక ఊగుతున్నది" అన్నడు. పక్కగోడ మీద అరచెయ్యి పెట్టిన, రెండు లెక్కపెట్టేలోపల తీసిన. నా బండి టైరు మీద చెయ్యి నిలిచింది. అక్కడ్నే గాలి పెట్టించి మెల్లగ తీస్కపోయినం. ఇంటికొచ్చినంక టైరు ఊడదీయిస్తే లోపల మిరియాల పొడిలెక్క నల్ల రబ్బరు పొడి రాలింది. పక్కగోడకు లోపల్నుంచి చుట్టూత ఒక నల్ల పట్టీ, వేలు పెడితే గరుకు. మూడు వేల కిలోమీటర్లు కూడ తిరగని టైరు. "ఇది మల్ల ఎక్కించకుండ్రి అన్నా" అన్నడు మెకానిక్. అంతే, పక్కకు పడేసినం. వెనక కూసున్నది మా మరదలు. ఆ ఘాట్ల, ఒక మూల మీద, ఆ టైరు విచ్చుకుంటే? అందుకే నాకు ఇంత కోపం.

ఇనుప తీగను అటూ ఇటూ వంచుండ్రి, వంగే కాడ వేడెక్కి తెగుతది. టైరు తిరిగిన ప్రతిసారి పక్కగోడ వంగి లేస్తది. గాలి తక్కువుంటే ఎక్కువ వంగుతది, ఎక్కువ వేడెక్కుతది. గాలి తగ్గించుడంటే వేడిని మనమే పెంచుకునుడు. సరిగ్గున్న టైరుల గాలి వేడికి పెరగదా అంటే, పెరుగుతది. పొద్దున 32 ఉన్నది పరుగుల మీద నాలుగైదు పీఎస్ఐ పెరుగుతది, టైరు తయారుచేసినోళ్ళు ఆ లెక్క వేసుకునే సంఖ్య ఇస్తరు. స్టిక్కర్ మీద ఉన్నది చల్లటి టైరు కొలత. దారిల 37 చూపెట్టిందని భయపడి తీసేసిండ్రా, తెల్లారి 27 మీద బయల్దేరుతరు. ఘాట్ల పట్టు పెరుగుడు కూడ అబద్ధమే. గాలి తక్కువైతే బండి మూల తిరుగుడు ఆలస్యమైతది, తిరిగినంక ఊగుతది. వెనక మనిషి, సామాను ఉన్నప్పటికి చాలా బండ్ల స్టిక్కర్ల రెండో సంఖ్య ఉంటది, అది పెంచమనే చెప్తది.

ఆరోది, విదేశీ టైరు అవసరం లేదన్నది. చదవంగనే దీన్ని కూడ కొట్టిపారేద్దామనుకున్న, నా బండికి విదేశీ కంపెనీ మిషెలిన్ టైరు వేసుకున్నోన్ని. కానీ కూసోని ఆలోచిస్తే అది నిజమే. టైరు మీద హెచ్ అనే స్పీడు అక్షరం ఉంటే గంటకు 210 కిలోమీటర్ల దాక తట్టుకుంటది, మామూలు 400 సీసీ బండి అంత ఉరకనే ఉరకది. అపోలో ఆల్ఫా హెచ్1 ఉన్నది, టీవీఎస్ శ్రీచక్ర వాళ్ళ యూరోగ్రిప్ రోడ్‌హౌండ్ ఉన్నది. బండికి రాసిన సైజు, ఎంత బరువు మోస్తదో చెప్పే లోడు అంకె, స్పీడు అక్షరం కలిస్తే వేసుకోవచ్చు. నేను ఇన్నాళ్ళు మా తమ్మునికి ఎక్కువ ధర టైరే చెప్పుకుంట వచ్చిన. వాడిప్పుడు వెనక టైరు మళ్ళ కొనాలె. ఆ ఆరో లైను ఒక్కటి కత్తిరించి వానికి పంపిన, దాని కింద "చల్లగున్నప్పుడు 32, మరదలు కూసుంటే ఇంకా ఎక్కువ, స్టిక్కర్ చూడు" అని రాసి.