అమ్మ పొయ్యి జోలికి రాకండి

పొద్దున్నే ఒళ్లు మండిపోయింది. లంబసింగి పక్కనే మా ఊరు. కార్తీకం వచ్చేసింది, ఇంకో నెలలో వాకిట్లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. ఈలోగా అమ్మ మట్టిపొయ్యి తీయించి, పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి పెట్టిస్తున్నానని ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో రాశాను. హైదరాబాదు నుంచి అన్నయ్య వెంటనే జవాబు పెట్టాడు: "దాన్ని కదపకు. అది మన చిన్ననాటి జ్ఞాపకం. అమ్మ వంటకు ఆ రుచి కట్టెల పొగతోనే వస్తుంది."

సంక్రాంతికి మూడు రోజులుండి వెళ్లేవాడికి రుచి గుర్తుంది. మంచు చూడటానికి వచ్చి మా వాకిట్లో ఆగి పొయ్యికి ఫోటోలు తీసుకునేవాళ్లదీ ఇదే మాట. ఒక్కరైనా పీట వేసుకుని దాని ముందు గంట సేపు కూర్చున్నారా?

ఆ పొయ్యి ఎడమ గట్టు కుంగి రెండేళ్లయింది. ఎన్నిసార్లు మట్టి మెత్తి అలికినా మళ్లీ పగులుతుంది. అన్నం గిన్నె ఒరిగి గంజి నిప్పుల్లోకి కారుతుంది, మంట ఆరిపోతుంది. అప్పుడు అమ్మ వంగి ఊదుగొట్టం అందుకుంటుంది. రెండుసార్లు ఊది, మొహం పక్కకు తిప్పుకుని దగ్గి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, మళ్లీ ఊదుతుంది. తడి కట్టెలైతే ఇక చెప్పనక్కర్లేదు. ఆమెకు 64 ఏళ్లు.

గ్యాస్ పెట్టుకోవచ్చు కదా అంటుంది పిన్ని. గ్యాస్ మీద టీ కాగుతుంది పిన్నీ, గది వెచ్చబడుతుందా? చలికాలమంతా అమ్మ ఆ నిప్పుల పక్కనే చాప వేసుకుని పడుకుంటుంది. తలుపులు బిగించి కుంపటి పెట్టుకుంటే ప్రాణానికే ముప్పు. ఇనుప పొయ్యి అయితే ముందు కంత మీద అన్నం, వెనక కంత మీద స్నానానికి నీళ్లు. పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది, వేడి గదిలో ఉంటుంది.

గ్యాస్ మాట ఎత్తారు కాబట్టి ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నది చెప్పేస్తాను. 1999లో దీపం పథకం మొదలయ్యాక పొదుపు సంఘం ద్వారా అమ్మ పేరున గ్యాస్ వచ్చింది. మా వీధిలో అదే మొదటిది. పసుపు రాసి బొట్టు పెట్టి మరీ వెలిగించింది. ఏడాది తిరగకుండానే అన్నయ్య చదువుకని విశాఖలో గది తీసుకున్నాడు. పొయ్యి, సిలిండరు, రెగ్యులేటరు అన్నీ జీపెక్కాయి. మళ్లీ ఇంటి మొహం చూడలేదు. 2016లో మొదలైన ఉజ్వలకు అమ్మ దరఖాస్తు పెడితే, నీ పేరున కనెక్షన్ ఉందమ్మా, ఇంకొకటి రాదు అన్నారు. ఆ రోజు కూడా వచ్చి మట్టిపొయ్యే వెలిగించింది.

ఆ గ్యాస్ పొయ్యి నీ జ్ఞాపకాల్లో లేదా అన్నయ్యా?

నర్సీపట్నంలో వెల్డింగు ఆయనకు 9 వేలు ఇచ్చేశాను. ఆదివారం పొయ్యి వస్తుంది. గొట్టానికి గోడలో కన్నం రేపే కొట్టిస్తున్నాను.