పిల్లలను ఒక గంట బ్యాంకు కుర్చీలో కూర్చోబెట్టండి

ఆ మధ్య హన్మకొండలో డిగ్రీ చివరి ఏడాది పిల్లలను, అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు దేన్ని బట్టి వస్తుందని అడిగాను. సగం మంది జీతం అన్నారు, ఒకరిద్దరు భూమి అన్నారు. రెండూ కాదు. 300 నుంచి 900 మధ్య ఉండే ఆ అంకెలో జీతానికీ పట్టా పాస్‌బుక్కుకూ చోటు లేదు. పాత కిస్తీలు తేదీకి కట్టారా, ఇప్పుడు ఎంత బాకీ ఉంది, ఈ మధ్య ఎన్నిచోట్ల అప్పు అడిగారు అన్నవే అందులో ముఖ్యం. జీతం సంగతి బ్యాంకు వేరుగా చూసుకుంటుంది. అందుకే కాలేజీలో ఒక గంట క్లాసు పెట్టి, అప్పు ఇవ్వాలా వద్దా తేల్చే బ్యాంకు ఆఫీసరు కుర్చీలో పిల్లలనే కూర్చోబెట్టాలంటాను.

నిజానికి ఈ పాఠం సగం వాళ్ల ఇళ్లలోనే ఉంది. తల్లి మహిళా సంఘంలో ఉంటే పంచసూత్రాలు చెప్పగలదు: మీటింగు, పొదుపు, లోపలి అప్పులు, వాయిదాకు కట్టడం, పుస్తకం రాయడం. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతుకు పెట్టుబడి ఇచ్చే అడ్తిదారు (కమిషన్ ఏజెంటు) కూడా పత్తి ఎన్నెకరాలు, బోరు పోస్తుందా, నిరుడు ఎంత తీర్చాడు అని చూసే ఇస్తాడు. పంట తన దుకాణానికే రావాలన్నది అతని కుదువ. వానలు పడలేదని అతనికి తెలుసు, బ్యాంకు కంప్యూటరుకు తెలియదు. దానికి కనిపించేది గడువు దాటిన రోజుల లెక్కే. అలాగని అడ్తిదారు దయామయుడేం కాదు. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ఈ లెక్క బోర్డు మీద వేయించాలి.

తర్వాత పిల్లలకు ఒక దరఖాస్తు ఇవ్వాలి. నెల జీతం 22 వేలు. బండి కిస్తీ 4 వేలు, ఫోన్ కిస్తీ 2,500. చెల్లె పెళ్లికి 3 లక్షలు కావాలి. ఇస్తారా? మంచి పని కదా, ఇద్దామనే అంటారు చాలామంది. 12 శాతం మిత్తితో మూడేళ్లలో తీరాలంటే నెలకు దాదాపు 10 వేలు కట్టాలి. అప్పుడు చేతిలో మిగిలేది 5,500. రూము కిరాయి, తిండి ఇంకా లెక్కలోకే రాలేదు. ఇక్కడే వాదన మొదలవుతుంది, టీచరు కాసేపు ఊరుకుంటే మంచిది.

జమానతు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దోస్తు అప్పుకు హామీగా పెట్టిన సంతకం మన క్రెడిట్ రిపోర్టులోకీ, అంటే మన అప్పుల చిట్టాలోకీ ఎక్కుతుంది. చదువు లోనులో సాధారణంగా తండ్రి కూడా రుణగ్రహీతే. కోర్సు అయ్యాక ఏడాది వరకు గడువిస్తారు. ఆ తర్వాత కొడుకు కిస్తీ తప్పితే, తండ్రి ట్రాక్టర్ లోను అడిగినప్పుడు అది బయటపడుతుంది. సగం కట్టి సెటిల్‌మెంట్ చేసుకుంటే పీడ పోయిందనుకుంటారు. రిపోర్టులో మాత్రం ‘సెటిల్డ్’ (పూర్తిగా కట్టలేదు) అనే ఉంటుంది, ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అని కాదు.

రిపోర్టులోనూ తప్పులుంటాయి. సిబిల్ లాంటి, ఈ రిపోర్టులు తయారుచేసే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి ఉచితంగా రిపోర్టు ఇవ్వాలి. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. క్లాసులోనే ఒక రిపోర్టు తెప్పించి చదివించవచ్చు. ఇప్పటిదాకా అప్పే తీసుకోని పిల్లలకు అది ఖాళీగా వస్తుంది, దానికి టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఈ క్లాసుకు సంఘం పుస్తకాలు రాసే అక్కను, బ్యాంకు ఫీల్డాఫీసరును ఇద్దరినీ పిలవాలి. అవగాహన సదస్సు పేరుతో క్రెడిట్ కార్డు ఫారాలు పట్టుకొచ్చేవాళ్లను మాత్రం గేటు దగ్గరే ఆపాలి.