పుట్టినరోజు భోజనం సరే, మిగతా రోజుల సంగతేంటి?

పుట్టినరోజో, పెళ్లిరోజో, ఇంట్లో పెద్దవాళ్ల వర్ధంతో వస్తే అనాథాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఆశ్రమాల వాళ్లూ రేట్ల పట్టిక సిద్ధంగా ఉంచుతారు: టిఫిన్‌కి ఇంత, మధ్యాహ్న భోజనానికి ఇంత, స్వీటుతో అయితే మరికొంత. డబ్బు కట్టి, పిల్లలతో ఫొటోలు దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తాం. మనసు మంచిదే. సాయం ఎవరికి చెయ్యాలో తేల్చుకునే పద్ధతే ఇది కాదు.

పండగపూట ఇద్దరు ముగ్గురు దాతలు ఒకేసారి వచ్చి అన్నం మిగిలిపోయే ఆశ్రమాలున్నాయి. అదే వార్డెన్ జీతానికో, కరెంటు బిల్లుకో, పదో తరగతి పిల్లల లెక్కల ట్యూషన్‌కో ఇస్తామనేవాళ్లు దొరకరు. వాటి మీద 'నాన్నగారి జ్ఞాపకార్థం' అని రాయించుకోలేం కదా! 'మీరిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకే' అని చెప్పే సంస్థను చూస్తే చాలామందికి నమ్మకం కుదురుతుంది. నాకైతే అనుమానమొస్తుంది. జీతాలు సరిగ్గా ఇవ్వని చోట ఆయాలు నిలబడరు. అలవాటైన మనిషి వెళ్లిపోయిన ప్రతిసారీ బెంగపెట్టుకునేది చిన్నపిల్లలే.

'మాకు 80జీ ఉందండీ' అన్న మాటతో ఆగిపోకండి. అది దాతకి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు సంగతి, పిల్లల్ని ఎలా చూసుకుంటున్నారో చెప్పదు. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపే లేదు. పాత విధానంలోనూ 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే రాదు, బియ్యం బస్తాలకీ బట్టలకీ రాదు. అడగాల్సింది వేరే కాగితం. 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాలి. ఆ సర్టిఫికెట్ చూపించమంటే నసిగేవాళ్లకి రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు.

అదే చట్టం 74వ సెక్షన్ ఇలాంటి పిల్లల ఫొటోలు, వాళ్లను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదంటుంది. మీరితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అందుకే 'ఫొటోలు వద్దండీ' అన్న ఆశ్రమాన్ని చూసి చిన్నబుచ్చుకోకండి, మంచి ఆశ్రమం దొరికిందనుకోండి. వాలంటీర్‌గా వెళ్లినా అంతే. ఆధార్ అడిగి, ఎవరి ద్వారా వచ్చారో కనుక్కుని, మొదటి రోజే పిల్లల గదుల్లోకి పంపని చోటే నయం. ఎవరొచ్చినా గేటు తీసేస్తే, మనకంటే ముందు ఇంకెవరెవరు వచ్చి వెళ్లారో! ఒక ఆదివారం ఆటలాడించి మాయమయ్యేకన్నా, ఏడాదిపాటు వారానికో సాయంత్రం లెక్కలు చెప్పగలిగితేనే వెళ్లండి.

ఇంకో సంగతి. మనం అనాథలనుకునే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. భర్త పోయి, కూలికి వెళ్తూ ఇద్దరు పిల్లల్ని సాకలేక హాస్టల్‌లాంటి చోట వదిలిన తల్లికి కావాల్సింది ఆశ్రమం కాదు, నెలనెలా కాస్త ఆసరా. కేంద్రం మిషన్ వాత్సల్య పథకం కింద ఇలాంటి పిల్లలకి నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ పెట్టింది. ఆ దరఖాస్తు నింపించి, ఆఫీసుల చుట్టూ తిరిగి, పిల్ల బడి మానకుండా చూసే చిన్న సంస్థలకి చూపించుకోడానికి భవనం ఉండదు. పోయినేడాది ఎంతమంది పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకున్నారని అడగండి. పిల్లల పేర్లు చెప్పకుండా లెక్క మాత్రం చెప్పగలిగితే, నా డబ్బు అక్కడికే.