తాళం వేస్తే మత్తు వదలదు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపుల నుంచి చుట్టాల గ్రూపుల దాకా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "మత్తు జబ్బు కాదు, బలుపు. 21 రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే ఎవడైనా మానేస్తాడు. డాక్టర్లిచ్చే మందు ఇంకో మత్తే. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుంది. మానినవాడు మళ్ళీ మొదలుపెడితే ఇక బాగుపడడు, వదిలేయండి." పంపేవాళ్ళలో చాలామందిది మంచి ఉద్దేశమే. కానీ దీన్ని నమ్మి నడుచుకుంటే ఇంట్లో మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

ముందు తాళం సంగతి. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్ళలో మెదడు దాన్ని తట్టుకోవడానికి తన ఉద్రేకాన్ని పెంచుకుని ఉంటుంది. తాగుడు ఒక్కసారిగా ఆపితే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, గుండెదడ. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితిలో వైద్యం అందకపోతే చనిపోవచ్చు. బయట తాళం వేసి కూర్చున్నవాళ్ళకు ఇదంతా నాటకంలా కనిపిస్తుంది.

ఈ ప్రయోగం మన ఊళ్ళో ఒకసారి జరిగింది కూడా. 2020 మార్చిలో దేశమంతా పెట్టిన మొదటి లాక్‌డౌన్ సరిగ్గా 21 రోజులే. వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడ్డాయి. మెసేజ్ చెప్పేదే నిజమైతే తాగేవాళ్ళంతా బాగుపడాలి. జరిగింది వేరు. కొద్ది రోజుల్లోనే వణుకులతో, ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఉన్నవాళ్ళను కుటుంబాలు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకొచ్చాయి. వాళ్ళలో కల్లు తాగేవాళ్ళూ ఉన్నారు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలుపుతారన్నది తెలంగాణలో కొత్త సంగతి కాదు. రోజూ తాగినవాళ్ళకు అది హఠాత్తుగా ఆగితే మద్యం ఆపినట్టే ఫిట్స్ వస్తాయి. 21 రోజులు కాదు, 40 రోజులు దాటాక మే 6న రాష్ట్రంలో వైన్ షాపులు తెరిచారు. ఆ రోజు షాపుల ముందు క్యూలు అందరం చూశాం.

హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తుకైతే తాళం తీశాక ఇంకా పెద్ద ప్రమాదం. కొన్ని వారాలు మానేసరికి శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. గంజాయి ఆపితే సాధారణంగా ప్రాణాపాయం ఉండదు కానీ చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం వారాలు ఉంటాయి.

"డాక్టర్లిచ్చే మందు ఇంకో మత్తే" అన్నది రెండో మాట. తాగుడు ఆపించేటప్పుడు డాక్టర్లు లోరాజెపామ్ లాంటి మందు కొన్ని రోజులిచ్చి, మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. అది ఫిట్స్ రాకుండా కాపాడుతుంది. దాంతోపాటు బీ1 విటమిన్ ఇస్తారు, లేకపోతే మెదడు దెబ్బతినే అవకాశం ఉంది. నల్లమందు జాతి మత్తుకు బ్యూప్రెనార్ఫిన్ ఉంది, నాలుక కింద పెట్టుకునేది. ఆబను, ఒళ్ళునొప్పులను అదుపులో ఉంచుతుంది. మనిషి పనికి వెళ్ళగలడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. గంజాయికి ఇలా ప్రత్యేకమైన మందు లేదు, అక్కడ కౌన్సెలింగే ప్రధానం. ఒక్కటి గట్టిగా చెప్పాలి. అన్నంలో తెలియకుండా కలిపే 'తాగుడు మానిపించే పొడి' జోలికి మాత్రం వెళ్ళకండి. అందులో మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ ఉంటే, తెలియక మద్యం తాగిన మనిషికి వాంతులు, దడ మొదలై బీపీ పడిపోవచ్చు. ఆ మందు డాక్టర్లూ వాడతారు, కానీ రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి.

పోలీసు భయం నిజమైనదే, ఎన్నో కుటుంబాలను ఆపేది అదే. చట్టం ఏమంటుందో చూడండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో, కొద్ది పరిమాణం దొరికిన కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్ళకు ఇది వర్తించదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు డాక్టరు గోప్యంగా ఉంచాలి. గొలుసులతో కట్టేయడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది. కాబట్టి కొట్టి, కట్టేసి మాన్పిస్తామనే డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించకండి.

"బలుపు" అన్న మాటకు ఎక్కువ రాయను. మొదటిసారి తీసుకోవడం చాలామంది చేతిలో ఉన్న పనే. ఆ తర్వాత మెదడులో వచ్చే మార్పు వాళ్ళ చేతిలో లేదు, 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా దీన్ని మానసిక అనారోగ్యంలో చేర్చింది. కేంద్రం ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. సిగ్గుతో దాచుకుంటున్నాం. ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడే ఊళ్ళో, ఆ గేటు దాకా వెళ్ళడానికి తల్లిదండ్రులకు ఎంత ధైర్యం కావాలి!

"మళ్ళీ మొదలుపెడితే వదిలేయండి" అన్నది నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన మాట. చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ జారతారు. బీపీ, ఆస్తమా రోగులు మందులు వదిలేసి మళ్ళీ ఆసుపత్రికి రావడం కూడా దాదాపు ఇంతే. వాళ్ళనెవరూ ఇంట్లోంచి పొమ్మనరు. చికిత్స మార్చాలి, మోతాదు చూడాలి, ఏ స్నేహం దగ్గర, ఏ టెన్షన్ దగ్గర జారాడో మాట్లాడాలి.

ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే 14446కు ఫోన్ చేయండి. వ్యసనాల కోసమే ఉన్న ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ అది. 14416లో మానసిక ఆరోగ్య సలహా దొరుకుతుంది. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఫోన్లలో సలహాల కోసం ఆగకుండా 108 పిలవండి. ఏం తీసుకుంటున్నాడు, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు అన్నవి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఇంట్లో దొరికిన మాత్రల స్ట్రిప్పులుంటే వెంట తీసుకెళ్ళండి.