‘అటు దారి మూసేశారు’ గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత ‘అటు దారి మూసేశారు’ గారికి,
ఫెజ్ పాత ఊరు, మొరాకో.

అయ్యా,

మేమిక్కడ క్షేమం. మీ క్షేమం అడగను. మీరెంత పుష్టిగా ఉన్నారో ఇవాళ మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఆరు దాకా మూడుసార్లు కళ్లారా చూశాను.

ఈ ఉత్తరం మేం దిగిన ఇంటి డాబా మీద కూర్చుని, వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకుని రాస్తున్నాను. బకెట్ నేను అడగలేదు. గుమ్మంలోకి రాగానే ఇక్కడి వంటమనిషి నా నడక చూసి, ఒక్క మాట కూడా అడక్కుండా తెచ్చి పెట్టింది. మీ బాధితులు ఈ ఇంటికి కొత్త కాదన్నమాట.

రోజూ ఎంతమందికో దర్శనమిచ్చే మీకు మేం గుర్తుండకపోవచ్చు. బట్టతల, భుజాన సంచి, ఫోన్‌ని ఆకాశానికి ఎత్తి హారతి పడుతున్న మనిషి ఒకడు కనిపించాడు చూడండి, వాణ్ణే నేను. మీ ఊరి గోడల ఎత్తుకీ గల్లీల ఇరుకుకీ ఫోన్‌లో మమ్మల్ని చూపించాల్సిన నీలం చుక్క దారి తప్పి, కాసేపు మసీదులోనూ కాసేపు ఎవరింటి వంటగదిలోనో తేలుతోంది. పక్కనే, ‘అందుకే టూర్ ప్యాకేజీలో వద్దామన్నాను’ అన్న మాట నోటితో అనకుండా మొహంతో అంటున్నావిడ మా ఆవిడ.

మేం కోరింది పెద్ద కోరికా చెప్పండి. బాబ్ బూ జెలూద్ గేటులోంచి లోపలికి రావాలి. బయటి వైపు నీలం, లోపలి వైపు ఆకుపచ్చ పలకలు తాపిన గేటు. ఈ ఊరు కట్టించిన ఇద్రీసు రాజుల కాలం నాటిదేమో అనుకుని దణ్ణం పెట్టినంత పనిచేశాను, తీరా చూస్తే 1913లో ఫ్రెంచివాళ్ల హయాంలో కట్టిందట. అక్కణ్ణుంచి తలా కబీరా అనే వీధి పట్టుకుని దిగుతూ పోతే అడుగున అత్తారీన్ మదర్సా. 1325 నాటికి పూర్తయిన కట్టడం. దేవదారు చెక్కడాలు, సున్నపు నగిషీలు, రంగు పలకల గోడలు. అత్తారీన్ అంటే అత్తర్లమ్మేవాళ్లు. మన అత్తరే అది. మా నాన్నగారి ఉత్తరీయానికి ఉండే వాసనకి పుట్టిల్లు చూద్దామని నాకో చిన్న ఆశ. తలా కబీరా అంటే పెద్ద ఏటవాలు అని అర్థం. గేటు దగ్గర చెంబెడు నీళ్లు పోస్తే వాటంతటవే మదర్సా దగ్గరికి చేరతాయి. నేను చేరలేకపోయాను.

ఎందుకంటే వంద గజాలు నడిచామో లేదో, పదిహేనేళ్ల కుర్రాడి నోట్లోంచి తమరు బయటికొచ్చారు. ‘క్లోజ్డ్, మై ఫ్రెండ్. దట్ వే క్లోజ్డ్.’

అతను చెయ్యి చూపించిన వైపు చూశాను. ఆ దారిలో ఒక ముసలమ్మ కొత్తిమీర కట్టలు పట్టుకుని వస్తోంది. ఇద్దరు బడిపిల్లలు పరిగెత్తుతున్నారు. వీపున గ్యాస్ సిలిండర్లు కట్టుకుని ఒక గాడిద తాపీగా పోతోంది. గాడిదకి తెరిచి ఉన్న దారి నాకెలా మూసేశారు అని అడగాలని నాకు తట్టలేదు. పాతికేళ్లు బ్యాంకులో చెక్కుల మీద సంతకాలు సరిచూసినవాణ్ణి నేను. ‘రామారావు’లో ‘రా’ దీర్ఘం కాస్త పొట్టిగా ఉన్నా పట్టుకుని చెక్కు వెనక్కి పంపినవాణ్ణి. అలాంటివాణ్ణి, ఆ కుర్రాడికి థాంక్స్ కూడా చెప్పి, అతని వెనకాల నడిచాను.

గాడిద అంటే గుర్తొచ్చింది. మీ పాత ఊళ్లో కార్లు తిరగవు, బరువంతా గాడిదలదీ కంచరగాడిదలదీ. వాటిని తోలేవాళ్లు ‘బాలక్! బాలక్!’ అని అరుస్తారు. తప్పుకోండి, జాగ్రత్త అని దానర్థమట. పొద్దున నాకు తెలీదు. యాభై నాలుగేళ్లొచ్చాక కూడా నన్ను ‘బాలకా’ అని నోరారా పిలిచేదెవరా అని మురిసిపోతూ వెనక్కి తిరిగాను. తిరిగేసరికి గాడిద మూతి నా మొహానికి జానెడు దూరంలో ఉంది. మా ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు.

మీ బంధువులు కూడా ఈ రెండు రోజుల్లో కలిశారు, అడిగానని చెప్పండి. కాసాబ్లాంకా నుంచి రైలు మమ్మల్ని సుఖంగా తెచ్చి దింపితే, స్టేషన్ బయట ఎర్ర టాక్సీలో ‘మీటర్ పాడైంది’ గారు ఎదురొచ్చారు. వారిని హైదరాబాద్ ఆటోల్లో ముప్ఫై ఏళ్లుగా ఎరుగుదును, ఇంత దూరం బదిలీ అయ్యారని తెలీదు. ‘మాంసం లేదు, కూరగాయలే’ గారు మా ఆవిడ కుస్‌కుస్ పళ్లెంలో గుమ్మడికాయ ముక్క కిందనుంచి ఎముకతో సహా బయటపడ్డారు. అప్పట్నుంచీ ఆవిడ పొద్దునా రాత్రీ బిస్సారాయే తాగుతోంది. ఎండు చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేసిన చారులాంటి పప్పు. తాలింపు పెడితే మనదే. ‘షారుఖ్ ఖాన్!’ గారి మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. ఈ బట్టతలని చూశాక కూడా ప్రతి మలుపులో నన్ను ఆ పేరుతో పిలవడానికి ఎంత మంచి మనసుండాలి! ఇక ఇక్కడ పాత ఇళ్లని బసగా మార్చి రియాద్ అంటారు కదా, ‘రియాద్‌లో దిగాం’ అని వాట్సాప్‌లో పెడితే మా బావ కంగారుగా ఫోన్ చేశాడు, మొరాకో అని చెప్పి సౌదీ ఎందుకెళ్లారని. దానికి మీరు బాధ్యులు కారు. మా బావ అంతే.

అసలు విషయానికొస్తాను.

ఆ కుర్రాడు మాకు పది అడుగులు ముందు నడిచాడు. పక్కన నడవడు. లైసెన్సు లేకుండా గైడ్ పని చేస్తే పోలీసులు పట్టుకుంటారని తర్వాత తెలిసింది. అందుకని ఎవరికీ ఏమీ కానట్టు ముందు నడుస్తూ, మలుపు దగ్గర మాత్రం చెప్పులో రాయి ఉన్నట్టు ఆగుతాడు. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, ఒక సొరంగంలాంటి సందు. చివరికి మదర్సా కాదు, ముక్కు బద్దలయ్యే వాసన. షువారా. మీ ఊరి తోళ్ల లందలు.

గుమ్మంలోనే చేతికి పుదీనా రెమ్మ ఇచ్చారు. ఆహా, ఎంత మర్యాద అనుకున్నాను. నాలుగు మెట్లెక్కాక అది మర్యాద కాదు, మందు అని అర్థమైంది. పైనుంచి చూస్తే కింద తేనెపట్టులా రాతి తొట్లు. తెల్లవాటిలో సున్నం, పావురాల రెట్ట కలిపిన నీళ్లు. మిగతావాటిలో ఎరుపు, గోధుమ, పసుపు. తొడల దాకా దిగి తోళ్లు తొక్కుతున్న మనుషులు. వందల ఏళ్లుగా అదే చోట, అదే పద్ధతిలో. నిజం చెప్పాలి కదా, మొదటిసారి నోరు తెరుచుకుని చూశాను. ఆ వాసనలో నోరు తెరవడం పొరపాటు.

కుర్రాడికి పది దిర్హాంలిచ్చి, దారి కనుక్కుని బయల్దేరాం. రెండో మలుపులో తమరు మళ్లీ ప్రత్యక్షం. ఈసారి మధ్యవయసు ఆయన నోట. ‘అటు ముస్లింలకే. నమాజు టైము. మూసేశారు. ఇటు రండి.’ వెళ్లాం. అవే లందలు, ఇంకో కొట్టు మెట్లు. మూడోసారి ఇంకో పిల్లాడు. ‘అటు మూసేశారు. ఇవాళ ఒక్కరోజే బెర్బర్ల సంత, ఇటు.’ బెర్బర్లంటే ఈ దేశపు మూలవాసులు. వాళ్ల సంత కూడా లందల మీదే ఉందండీ! తొమ్మిది వేల గల్లీలున్నాయంటారు మీ ఊళ్లో. ఆ తొమ్మిది వేలూ మూసేసి, అన్నిటినీ ఆ ఒక్క వాసనలోకే తిప్పిన ఇంజనీరెవరు? మూడోసారి పుదీనా ఇచ్చేవాడు నన్ను గుర్తుపట్టి, జాలిపడి, రెండు రెమ్మలిచ్చాడు.

చూడ్డానికి డబ్బులేం వద్దన్నారు, అదీ నిజమే. కాకపోతే కిందికి దిగే మెట్లు కొట్టు మధ్యలోంచి ఉంటాయి. మూడోసారికి కొట్టాయన, ‘మళ్లీ మళ్లీ వచ్చారంటే బాగా నచ్చినట్టుంది’ అన్నాడు. ఆ మాటకి జవాబు చెప్పలేక ఒక జత పసుపు బాబూష్ చెప్పులు కొన్నాను. మూడొందలన్నవి నూట ఎనభైకి. ప్రస్తుతం అవి ఈ డాబా మీద, నాకు ఎంత దూరంగా పెట్టడానికి వీలుందో అంత దూరంలో ఉన్నాయి. చాలడం లేదు.

మదర్సాకి మేం చేరేసరికి ఆరయింది. తలుపు మూసేశారు. నిజంగా మూసేశారు. అంటే మధ్యాహ్నం రెండింటికి తమరు చెప్పింది అబద్ధం కాదు, నాలుగు గంటలు ముందు చెప్పిన నిజం. ఆ ముందుచూపుకి జోహార్లు.

మీ వంశం మాకు తెలియనిది కాదు. మీ పెద్దన్న న్యూఢిల్లీ స్టేషన్ బయట ఉంటాడు, ‘మీ హోటల్ కాలిపోయింది’ అని ఆయన పేరు. ఆయన చేతిలో మోసపోయిన తెల్లవాళ్ల కథలు చదివి, మరీ ఇంత అమాయకులేంటని నవ్వేవాణ్ణి. ఇవాళ నా మీద ఎవరైనా నవ్వుకుంటే వాళ్లకా హక్కుంది. ముగ్గురికీ కలిపి ముప్ఫై దిర్హాంలు పోయాయి, మన డబ్బుల్లో మూడొందల రూపాయలకి కాస్త అటూ ఇటూ. దానికి ఉత్తరం రాసేంత పిసినారిని కాను.

ఇందాకటి నుంచి ‘మీరు’ అంటున్నాను. ఇక నా వల్ల కాదు. విను.

మదర్సా దగ్గర్నుంచి తిరిగొస్తూ మళ్లీ దారి తప్పాం. చీకటి పడుతోంది. ఒక సందులో రొట్టెల పొయ్యి. ఇళ్లలో కలిపిన పిండిని పలక మీద పెట్టి పంపితే కాల్చిచ్చే ఉమ్మడి పొయ్యి. అక్కణ్ణుంచి జెల్లాబా అనే పొడుగాటి అంగీ వేసుకున్న ఒక పెద్దాయన బయటికొచ్చాడు. చేతిలో పలక, దాని మీద గుడ్డ కప్పిన నాలుగు రొట్టెలు. మమ్మల్ని చూసి ఆగాడు. మేం వెళ్తున్న సందు వైపు చూసి, తల అడ్డంగా ఊపి, ఖాళీగా ఉన్న చేత్తో గోడలా అడ్డం పెట్టి చూపించాడు. అటు దారి లేదని.

నేను ఆయన మొహం మీద నవ్వాను. ‘మాకు తెలుసులే పెద్దాయనా, నాలుగోసారి’ అని తెలుగులోనే అన్నాను. అర్థం కాకపోయినా ఆ గొంతు అర్థమై ఉంటుంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని విసవిసా ఆ సందులోకే పోయాను. ముప్ఫై అడుగుల్లో గోడ.

వెనక్కొచ్చేసరికి ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. నవ్వలేదు. రియాద్ కార్డు చూపిస్తే దూరంగా పెట్టి చదువుకుని, ముందు నడిచాడు. పది అడుగుల ముందు. ఆ పది అడుగులు చూడగానే నా చెయ్యి జేబులోకి పోయింది. దారి పొడుగునా నేను చూసింది ఆయన వీపు కాదు, లెక్కపెట్టుకున్నది చిల్లర. మాకు అందేది వేడి రొట్టె వాసన, ఆయనకేమో రొట్టెలు చల్లారిపోతున్నాయి. పది నిమిషాలు పట్టింది. ఈ గుమ్మం ముందు ఆయన పూర్తిగా ఆగకముందే పది దిర్హాంల నాణెం మొహం ముందు పెట్టి ‘ఎంత?’ అన్నాను. ఆయన నాణెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని, కొంచెం తల వంచి, వెళ్లిపోయాడు.

అదంతా నీ పనే. ముగ్గురు నన్ను మోసం చేశారు, ఆకలో సరదానో, పోనీ. కానీ నాలుగోవాడి మొహం చూడ్డానికి నాకు కళ్లు లేకుండా చేసింది నువ్వు. నా సొంత ఊళ్లో అలాంటి పెద్దాయన దారి చూపిస్తే, లోపలికి రండి, మంచినీళ్లు తాగండి అనేవాణ్ణి. గాడిద తప్పుకోమంటే బాలకా అన్నారని మురిసిపోయినవాణ్ణి, నిజంగా పెద్దరికం చూపించిన మనిషితో బేరమాడాను. సిగ్గు లేదా నీకు? నాకైతే ఉంది. నీళ్లు చల్లారిపోయాయి, నేనింకా కాళ్లు తియ్యలేదు.

రేపు మధ్యాహ్నం మాకు రైలుంది. పొద్దున్నే ఒకసారి ఆ రొట్టెల పొయ్యి దగ్గరికి వెళ్లాలి. ఆ మనిషి అక్కడికి రోజూ వస్తాడనుకుంటాను, రొట్టె రోజూ తినేదే కదా. ఏం చెప్తానో తెలీదు, నాకు అరబ్బీలో వచ్చింది ‘షుక్రన్’ ఒక్కటే. ఈ ఇంటివాళ్లని అడిగితే ఫెజ్‌లో పేటకొక పొయ్యి ఉంటుంది, మీరు చూసింది ఏదో ఎలా చెప్పమంటారు అన్నారు. ఫోన్‌లో నీలం చుక్క సంగతి నీకు తెలిసిందే.

తొమ్మిది వేల గల్లీలూ తిరిగేదానివి నువ్వొక్కదానివే. అందుకని సిగ్గు విడిచి నిన్నే అడుగుతున్నాను. రేపు పొద్దున ఎనిమిదింటికి గుమ్మం బయట ఉంటాను. పది కాదు, ఇరవై దిర్హాంలిస్తాను. పది అడుగులు ముందే నడువు, ఫరవాలేదు. లందల మీదుగానే తీసుకెళ్లు, అదీ ఫరవాలేదు. ఆ పొయ్యికి దారి చూపించు. ఆ దారి కూడా మూసేశారని మాత్రం అనకు.

ఇట్లు,
పసుపు చెప్పుల బాలకుడు